డైరీలో రాసిన పేజీ చెల్లుతుందా?

సమస్య: మా నాన్నగారికి 79 ఏళ్ళు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పోయినేడు మా పెదనాన్నకి పక్షవాతం వచ్చి చివరి రోజులన్నీ ఐసీయూలో, వెంటిలేటర్ మీదే గడిచాయి. అది చూసొచ్చాక నాన్న తన డైరీలో ఒక పేజీ రాసి, సంతకం పెట్టి, నా ఒక్కదానికే చూపించారు. ఆయన కట్టుకున్న ఇల్లు అమ్మకి, అమ్మ తర్వాత ముగ్గురు పిల్లలకీ సమానంగా అని రాశారు. కిందనే, ‘నయం కాదని తేలాక నాకు మిషన్లు తగిలించొద్దు’ అని ఉంది. అమ్మ దగ్గర ఈ ఊసెత్తితే ‘పొద్దున్నే ఆ అశుభం మాటలేంటే’ అని లేచిపోతుంది. అన్నయ్య డాలస్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటారు. రాజమండ్రిలో దగ్గరుండి చూసుకునేది నేనే. నేను నోరు తెరిస్తే ఆడపడుచుకి ఇంటి మీద కన్నుపడిందంటారు వదినా, మరదలూ. ‘వీలునామా దేనికి, ఇప్పుడే మా పేర రిజిస్టర్ చేసేస్తే పోలా’ అంటాడు తమ్ముడు. ఆ పేజీ చెల్లుతుందా? రేపు కోర్టు చుట్టూ తిరగాలా? ఆస్పత్రిలో నాన్న మాట ఎవరు వింటారు?
— ఒక కూతురు, రాజమహేంద్రవరం

సలహా: చెల్లదమ్మా. వీలునామాకి కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. మీ నాన్నగారి పేజీలో ఒక్కరూ లేరు. ఇంకో చిక్కేమిటంటే, ఒకదానితో ఒకటి పొత్తులేని రెండు కోరికల్ని ఆయన ఒకే కాగితం మీద పెట్టారు. వీలునామా తీసేది మనిషి పోయాక. మిషన్ల మాట వినపడాల్సింది ఆయన ఊపిరితో ఉండగా. అందుకని రెండు కాగితాలు కావాలి. ఒకదానికి మీరు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. రెండోదానికి మీరు దగ్గరే ఉండాలి.

ముందు వీలునామా సంగతి. ఆయన స్వార్జితం ఆయన ఇష్టం. తెల్లకాగితం మీద రాసినా సరిపోతుంది, స్టాంపు డ్యూటీ ఉండదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించమనే అంటాను. సాక్షులుగా ఆయన ఈడు స్నేహితులు వద్దు. రేపు తగువొస్తే వాళ్ళలో ఒకరైనా కోర్టుకొచ్చి ‘నా ఎదుటే సంతకం పెట్టారు’ అని చెప్పాలి కదా, వయసులో చిన్నవాళ్ళని పెట్టండి. ఆయన మతి స్థిమితంగా ఉందని ఆ రోజే డాక్టరుతో రాయించుకుంటే ఇంకా గట్టి. ‘అమ్మ తర్వాత’ అన్నచోట మాత్రం ప్లీడరు చేత స్పష్టంగా రాయించమనండి. అమ్మకిచ్చేది అమ్ముకునే హక్కుతో సహానా, ఉన్నన్నాళ్ళూ అనుభవించే హక్కేనా? ఈ ఒక్క ముక్క తేలక ఏళ్ళతరబడి నడిచే దావాలున్నాయి. ఇక మీరు ప్లీడరుని కుదర్చొద్దు, ముసాయిదా పట్టుకు తిరగొద్దు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆయన పక్కన కూర్చోవద్దు. వాటా వచ్చేవాళ్ళే ముందుండి రాయించిన వీలునామాని కోర్టులు అనుమానంతో చూస్తాయి. వదినా మరదళ్ళ నోటికీ మందు అదే.

ఇక కోర్టు సంగతి. ప్రొబేట్ గురించి, అంటే వీలునామాకి కోర్టు ధ్రువీకరణ గురించి బెంగ వద్దు. అది తప్పనిసరి అన్న నియమం చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాల కోసం పుట్టింది. ఆంధ్రాలో ఉన్న ఇంటికి, ఎవరూ అడ్డం తిరక్కపోతే, ఆ గడప తొక్కే పనిలేదు.

అసలు తొందర రెండో కాగితానికి. నయంకాని దశలో కృత్రిమంగా ప్రాణం నిలిపే వైద్యం వద్దని ముందే రాసిపెట్టుకోవడం 21వ అధికరణం కింద హక్కేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. లివింగ్ విల్ అంటున్నది దీన్నే. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాంతో మామూలు మనుషులెవరికీ అందలేదు. 2023 జనవరిలో ఆ షరతు సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. తనకు తెలివి లేనప్పుడు ఎవరి మాట వినాలో పేర్లు రాయాలి, ఒకరికంటే ఎక్కువమందిని రాయొచ్చు. మీ పేరు ఉండాల్సింది ఇక్కడ. దాని పక్కన తమ్ముడి పేరు కూడా రాయించండి. ఒక ప్రతి మునిసిపాలిటీలో ఇచ్చి ముట్టినట్టు రాయించుకోండి, ఒకటి మీ డాక్టరుకివ్వండి. డైరీలో పెట్టి బీరువాకి తాళం వేస్తే మాత్రం ఐసీయూ వాళ్ళకి అందదు.

ఆ కాగితం చూపించగానే గొట్టాలు పీకేస్తారని భయపడకండి. ముందు ఆస్పత్రి బోర్డు చూస్తుంది. తర్వాత జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరు ఉండే రెండో బోర్డు చూస్తుంది. రెండు బోర్డులూ ఒప్పుకుంటేనే, మీ సమ్మతి కూడా తీసుకుని, మేజిస్ట్రేటుకి తెలియజేసి అమలు చేస్తారు. నొప్పి తగ్గించే మందులు, సేవ చివరిదాకా సాగుతాయి. ఇంజెక్షనిచ్చి ప్రాణం తీయడానికి మన చట్టంలో చోటులేదు. అమ్మగారికి ఈ తేడా చెప్పండి, ఆవిడ భయం సగం అదే అయ్యుంటుంది. (ఎల్‌ఐసీ పాలసీ కట్టేటప్పుడు ఎవరికీ తట్టని అశుభం వీలునామా అనగానే ఎందుకు తడుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.)

ఇన్ని బోర్డులున్నా నేను చూసినంతలో మాట ఆగిపోయేది ఐసీయూ బయట వరండాలోనే. విమానం దిగి నేరుగా వచ్చిన కొడుకు ‘ఎంత ఖర్చయినా ఫర్వాలేదు, చెయ్యండి’ అంటాడు. అది ప్రేమే, కానీ తండ్రి ఏమన్నాడో అతనికి తెలీదు. అందుకని ఒక ఆదివారం వీడియో కాల్‌లో ముగ్గురు పిల్లలూ ఉండగా నాన్నగారి చేతే ఆ కాగితం చదివించండి. మీరు చదవొద్దు. బళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పిన మనిషి, ఆయనకది కష్టం కాదు.

తమ్ముడి సలహా సంగతి. ఇల్లు ఇప్పుడే దానంగా రిజిస్టర్ చేస్తే ఆ క్షణం నుంచి అది నాన్నగారిది కాదు. వీలునామానయితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరున రాసినదే నిలుస్తుంది. తల్లిదండ్రుల్ని చూసుకోవాలనే షరతుతో ఇచ్చి, పిల్లలు తప్పితే రద్దు చేయించుకునే దారి 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలో ఉంది నిజమే. కానీ ఎనభయ్యో పడిలో కన్న కొడుకు మీద ఫిర్యాదు పట్టుకుని ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కే పని ఆయనకి పెట్టొద్దని తమ్ముడితో నా మాటగా చెప్పండి.