వాల్వు రిగ్గు మూత తీసే ముందు

1. ముందు కరెంటు సంగతి. అమెరికన్ రిగ్గు చాలావరకు 115 వోల్టులకు చేసింది. మన 230లో తిన్నగా గుచ్చొద్దు, మధ్యలో స్టెప్‌డౌన్ ఉండాలి. కాలిన్స్ కంపెనీ ట్రాన్స్‌సీవర్ కేడబ్ల్యూఎం-2 ఫైనల్ వాల్వుల ప్లేట్ల మీద 800 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో ఛార్జి నిలిచే ఉంటుంది. బ్లీడర్ రెసిస్టరు ఉందిగా అంటారు. అదే తెగిపోయి ఉంటే? కర్రకు కట్టిన ఎర్తు వైరుతో షార్టు చేశాకే చెయ్యి పెట్టండి.

2. అటక మీద ఏళ్లు పడున్న సెట్టుకు సిరీస్ బల్బు పెట్టి ఆన్ చేయండి. 1940ల రిసీవర్లలో కాగితం కెపాసిటర్లు లీకవుతాయి. తర్వాతి వాల్వు గ్రిడ్డుకు పాజిటివ్ వోల్టేజీ చేరి, వాల్వు ఎర్రబడుతుంది. వాటిని మొహమాటం లేకుండా మార్చేయండి.

3. కాలిన్స్‌ను ఎందుకు నెత్తిన పెట్టుకుంటారో డయల్ తిప్పితే తెలుస్తుంది. అప్పటి మామూలు రిసీవర్లలో గ్యాంగ్ కండెన్సర్‌తో ట్యూనింగు. బ్యాండు పై కొసన గీతలు ఇరుక్కుపోయేవి, సెట్టు వేడెక్కితే స్టేషను జారిపోయేది. అయోవాలోని సీడర్ రాపిడ్స్‌లో ఆర్థర్ కాలిన్స్ కంపెనీ కండెన్సర్‌ను కదపకుండా, కాయిల్లోకి ఇనుప పొడి కోరును స్క్రూతో నడిపింది. కాయిల్ చుట్ల ఎడం అంతటా ఒకేలా ఉండదు, అందుకే నాబు తిప్పినంత మేరా ఫ్రీక్వెన్సీ సమంగా మారుతుంది. అదే పీటీఓ (పర్మియబిలిటీ ట్యూన్డ్ ఆసిలేటర్). మొదటి మిక్సరుకు క్రిస్టల్ కాబట్టి బ్యాండు మార్చినా నిలకడ చెడదు. 1947 నాటి 75ఏ-1 రిసీవరులోనే ఈ పద్ధతి ఉంది. అంకెలు వెలిగే డిస్‌ప్లే లేదేమని కుర్రాళ్లు అడుగుతారు. గీత చూసి కిలోసైకిల్ చెప్పగలిగేవాడికి అదెందుకు?

4. 1959లో వచ్చిన కేడబ్ల్యూఎం-2లో మెకానికల్ ఫిల్టరు, ఆసిలేటర్లు వినడానికీ పంపడానికీ ఒకటే. ఖరీదైన భాగాలకు రెండేసి పనులు అప్పగించబట్టే అంతా ఒక్క పెట్టెలో పట్టింది. మన హైదరాబాదు అషర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌లోనూ ఈ పొదుపే కనిపిస్తుంది: ఒకే క్రిస్టల్ ఫిల్టరు, ఎటు నుంచి ఎటైనా పనిచేసే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు. టొరాయిడ్లు దొరకని ఊళ్లో కాయిల్ చుట్టడానికి కొళాయి వాషర్లు వాడుకోమన్నారాయన.

5. ముందు ప్యానెల్‌కు కొత్త కన్నాలు వేయొద్దు. ఏం మార్చినా, పాత భాగాన్ని కవర్లో వేసి ఛాసిస్‌లోనే కట్టేయండి.

6. సిగ్నల్ జనరేటరు లేకుండా ఐఎఫ్ కోర్లు తిప్పొద్దు. సౌండు తగ్గిందా, ముందు వాల్వు బేసు పిన్నులు, బ్యాండ్ స్విచ్చి కాంటాక్టులు శుభ్రం చేయండి. సగం సెట్లు అక్కడే లేచి కూర్చుంటాయి.