సంక్రాంతి పిండివంటల పెట్టెలు: ప్యాకింగు, లేబులు

సంక్రాంతికి ఆడపడుచులకు సారె పెట్టడం, బంధువులకు పిండివంటలు పంపడం మన ఆచారం. నేడు అనేక మహిళా సంఘాలు ఈ వంటలను పెట్టెలలో అమర్చి పట్టణాలకు పంపి ఆదాయం పొందుతున్నాయి. అయితే వంట ఎంత రుచిగా ఉన్నప్పటికీ, ప్యాకింగు, లేబులు సరిగా లేనిచో పెట్టుబడికే ముప్పు. క్షేత్ర పర్యటనలో నేను చూచిన ఒక సంఘటన ఇందుకు నిదర్శనం.

ఋణం పొందిన ఒక సంఘం పండుగకు ముందు నాలుగు రోజులు అరిసెలు వండి, పట్టణంలోని ఒక దుకాణానికి 120 పెట్టెలు పంపింది. మూడవ రోజు వండినవాటిని తొందరలో వేడి ఆరకముందే మూతపెట్టారు. వారం తిరగకుండానే వాటికి బూజు పట్టింది. పెట్టెలపై తేదీ గాని, బ్యాచి నంబరు గాని లేనందున ఏవి ఏనాటివో తేలలేదు. చెడినవి 30 మాత్రమే అయినా, దుకాణదారు అన్నిటినీ తిప్పి పంపాడు. ఆ నెల కిస్తు ఆగిపోయింది. "తేదీ కొనేవాళ్ల కోసమనుకున్నాం గాని, మాక్కూడా అవసరమని తెలియలేదండీ" అని సంఘం నాయకురాలు నాతో అన్నారు.

ప్యాకింగులో జాగ్రత్తలు

వేడి పదార్థం నుండి వచ్చే ఆవిరి మూత లోపల నీటిబొట్లుగా మారుతుంది. ఆ తేమలోనే బూజు పెరుగుతుంది. కావున వంటకం పూర్తిగా చల్లారిన పిదపనే ప్యాక్ చేయవలెను. నేయి, నూనెలకు గాలి, వెలుతురు, వేడి తగిలిన కొద్దీ పాత నూనె వాసన వస్తుంది. కావున ఆహారానికి తగిన, గాలి చొరని సంచులను వాడి, వేడితో అతికించవలెను. స్టేపులు పిన్నులు వాడరాదు. వార్తాపత్రికలలో చుట్టరాదు, అచ్చుసిరా ఆహారానికి అంటుతుంది. 2018 నాటి ఆహార ప్యాకేజింగు నిబంధనలు కూడ దీనిని నిషేధించాయి.

లేబులుపై ఉండవలసినవి

1. వంటకం పేరు, బరువులో ఎక్కువ నుండి తక్కువకు వరుసగా దినుసుల పేర్లు.
2. నికర బరువు; అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర.
3. తయారీదారు పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదులకు ఫోను నంబరు.
4. తయారీ తేదీ, వాడదగిన గడువు తేదీ, బ్యాచి నంబరు.
5. ఆహార భద్రతా సంస్థ చిహ్నం, 14 అంకెల రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు నంబరు.
6. శాకాహారమైతే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క.
7. పాలు, గోధుమ, వేరుశెనగ, జీడిపప్పు వంటివి ఉన్నచో ఆ హెచ్చరిక. ఇవి కొందరికి పడవు.

ఈ వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని తప్పక ఉండవలెను. తెలుగును అదనంగా చేర్చుకొనవచ్చును. పోషక విలువల పట్టిక వంటి మిగిలిన వివరాలను ఆహార భద్రతాధికారిని అడిగి తెలుసుకొనవలెను.

ఏ రోజు వంటకు ఆ రోజు బ్యాచి నంబరు వేయాలి. ప్రతి బ్యాచి నుండి రెండు పెట్టెలు ఇంటివద్ద ఉంచి గమనించాలి. ఎన్నాళ్లు నిలువ ఉన్నదో చూచి, అంతకంటె తక్కువ గడువునే ముద్రించుట క్షేమం.

ఊరి పేరు విషయంలోను జాగ్రత్త అవసరం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. కావున ఇతర ప్రాంతాలలో చేసినవాటిపై ఆ పేరు వేయరాదు.

విక్రేతలకు

తేదీ, బ్యాచి నంబరు లేని సరుకు తీసికొనవద్దు. ముందు తయారైన పెట్టెలను ముందు అమ్మండి. ఒక బ్యాచి చెడినచో దానినే వేరుచేసి తిప్పి పంపండి. మంచి సరుకును నిలుపుకొనండి.

ఋణ సౌకర్యం

సంచులు, పెట్టెలు, లేబుళ్లు, అతికించే యంత్రం ఖర్చును ఋణ అంచనాలో మొదటనే చేర్చండి. బెల్లం, నేయి లెక్కవేసి వీటిని మరచుట సాధారణంగా జరిగే పొరపాటు. ముద్రా పథకం శిశు విభాగం క్రింద రూ. 50,000 వరకు ఆస్తి తాకట్టు లేకుండా ఋణం పొందవచ్చును. పండుగకు రెండు నెలల ముందే సమీప శాఖను సంప్రదించగలరు. వచ్చేటప్పుడు మీ లేబులు నమూనా కూడ వెంట తెండి. ముద్రణకు ముందే లోపాలు సరిచూచుకొనవచ్చును.