ఓడుననుకొన్న పక్షమునకు వేసిన ఓటు వ్యర్థమా?

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన వీధులలో ఒక మాట వినవచ్చుచుండును. “మనకు నచ్చిన పక్షము ఇచ్చట గెలువబోదు. ఎండలో వరుసగట్టి నిలిచి ఓటు వేసినందువలన ప్రయోజనమేమి?” ఈ మాట సోమరులు మాత్రమే అనుచున్నది కాదు, చదువుకొన్నవారును, ఆలోచనాపరులును అనుచున్నారు. కావున దీనిని తేలికగా త్రోసివేయక, సావధానముగా పరిశీలింపవలసియున్నది. ఏ పక్షమునకు ఓటు వేయవలెనో చెప్పుట ఈ వ్యాసము పని కాదు. పాఠశాల పత్రికకు అది తగదు కూడ.

లెక్క చెప్పునది

మొదట సత్యము నొప్పుకొందము. లక్షకు పైగా ఓట్లు పడు శాసనసభా నియోజకవర్గమున ఒక్క ఓటు ఫలితమును మార్చుట మిక్కిలి అరుదు. అరుదే గాని అసంభవము కాదు. 2004లో మన కర్ణాటక రాష్ట్రమందలి సంతేమరహళ్ళిలో గెలిచిన అభ్యర్థికి 40,752 ఓట్లును, ఓడిన అభ్యర్థికి 40,751 ఓట్లును వచ్చినవి. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలోను ఒక్క ఓటే తేడా. 2023లో బెంగళూరు జయనగరమున 16 ఓట్లతో గెలుపోటములు తేలినవి.

అయినను ఇవి సరిసమానమైన బలముగలవారి నడుమ జరిగిన పోటీలు. మన ప్రశ్న ఓటమి తప్పదని తోచుచోటును గూర్చినది. దానికి ఈ ఉదాహరణములు చాలవు. వేఱు కారణములు చూడవలెను.

ఒక చిన్న లెక్క

ఒకచోట 1,000 ఓట్లు పడినవనుకొందము. మొదటి అభ్యర్థికి 450, రెండవవానికి 390, మూడవవానికి 160 వచ్చినవి. మన పద్ధతిలో అందరికన్న ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలుచును; సగముకన్న ఎక్కువ రావలెనను నియమము లేదు. కావున మొదటివాడు గెలిచెను. అయితే 550 మంది తన్ను కోరలేదన్న సంగతి ఆ లెక్కలోనే వ్రాయబడియున్నది. ఆ 550 మందియు ఇంట కూర్చొనియుండినచో, పడిన ఓట్లన్నియు అతనివే యగును. ఊరంతయు తన వెంట నున్నదని అతడు చెప్పుకొనవచ్చును. ఓడినవారి ఓట్లే గెలిచినవానికి హద్దు చూపునవి.

ఇక రెండవ అభ్యర్థిని చూడుడు. తేడా 60 మాత్రమే. అతని వైపువారిలో నూరుగురు “ఎటులైనను ఓడుదుము” అని రాకుండినవారైనచో, ఆ ఓటమిని తెచ్చినది వారి నమ్మకమే గాని ప్రత్యర్థి బలము కాదు. ఓటమి నిశ్చయమను మాటను ముందుగా నమ్మినవారే దానిని నిజము చేయుదురు.

మూడవ అభ్యర్థి మాట. చెల్లిన ఓట్లలో ఆరవవంతుకు మించి రానివాడు ధరావతు కోల్పోవును. శాసనసభకైనచో అది 10,000 రూపాయలు. షెడ్యూల్డు కులములు, తెగలవారికి 5,000. 1,000 ఓట్లలో ఆరవవంతు 166కి పైన; 160 చాలవు. తనవారు మరి తొమ్మండుగురు వచ్చియుండిన 1,009లో 169 యగును, ధరావతు దక్కును. గెలుపునకు ఎంతయో దూరముననున్న అభ్యర్థికిగూడ తొమ్మిది ఓట్లు విలువగలవియే.

నేటి ఓటమి, రేపటి బలము

ఎన్నిక ఒక్క దినముతో ముగియునది కాదు. 1978లో మన రాష్ట్ర శాసనసభలోని 224 స్థానములలో జనతా పక్షమునకు 59 వచ్చినవి. ఆ పక్షము ఓడినది. 1983లో 95 స్థానములు గెలిచి, ఇతరుల మద్దతుతో కర్ణాటకమున మొట్టమొదటి కాంగ్రెసేతర ప్రభుత్వమును ఏర్పరచినది. కాంగ్రెసు పక్షమును 1977లో దేశమున అధికారము కోల్పోయి, 1980లో మరల పొందినది. ఓడిన ఏట వేసిన ఓట్లే, పక్షము నిలిచియున్నదని పోటీకి దిగువారికిని, పనిచేయువారికిని ధైర్యము చెప్పినవి.

ఇంకొక సంగతి. రాష్ట్రస్థాయి పక్షముగా గుర్తింపు పొందుటకు గల మార్గములలో ఒకటి, చెల్లిన ఓట్లలో నూటికి 6 వంతులతోపాటు శాసనసభలో 2 స్థానములు పొందుట. ఈ 6 వంతుల లెక్కలో ఓడిన నియోజకవర్గముల ఓట్లును చేరును.

మనవంటివారి సంగతి

పరభాషా రాష్ట్రమున స్థిరపడిన మనకు ఇందొక విశేషము కలదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగమందలి 350ఏ అధికరణము చెప్పుచున్నది. 1956లో జరిగిన ఏడవ సవరణచే అది చేర్చబడినది. కాని అధికరణము తనంతట తాను తరగతిగదిలోనికి వచ్చి పాఠము చెప్పదు. ఉపాధ్యాయుని నియమించుటయు, తెలుగు వాచకములను సకాలమున పంపుటయు ప్రభుత్వముల పని. ప్రభుత్వములు ఓట్లను చూచును.

ఎవరు ఎవరికి ఓటు వేసిరో రహస్యము. కాని ఏ పోలింగు కేంద్రమున ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చినవో ఎన్నికల తరువాత ప్రకటింపబడును. పక్షములవారు ఆ పట్టికలను శ్రద్ధగా చదువుదురు. తెలుగువారు ఎక్కువగా నున్న వీధులనుండి కొలదిమందియే వచ్చిరని తెలిసినచో, గెలిచినవాడు మనలను లెక్కచేయడు. ఓడినవాడు మననుండి ఏమియు ఆశింపడు. మనము వేర్వేరు పక్షములకు ఓటు వేసినను నష్టము లేదు. అసలు రాకుండుటయే నష్టము.

రెండు ఆక్షేపణలు

“నా పక్షము గెలువదు గనుక, ఉన్నవారిలో కొంత మేలైన రెండవవానికి వేసెదను” అని కొందరందురు. అందు తప్పు లేదు. అదియును ఆలోచించి వేసిన ఓటే. తన పక్షము బలమును చూపవలెనా, తనకు నచ్చనివానిని ఆపవలెనా యన్నది ఓటరు తానే తేల్చుకొనవలసినది.

“నాకెవ్వరును నచ్చలేదు” అనువారు మరికొందరు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి ఓటింగు యంత్రముపై నోటా మీట ఏర్పడినది. అది ఫలితమును మార్చదు. నోటాకు ఎక్కువ ఓట్లు వచ్చినను శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో అభ్యర్థులలో మొదటివాడే గెలుచును. అయినను ఆ అసమ్మతి లెక్కకు వచ్చును. ఇంట నుండిపోయినవాని అసమ్మతికిని, సోమరి నిద్రకును పట్టికలో భేదము కనబడదు.

చేయవలసిన పనులు

ఓటు వేయనివానికి శిక్ష లేదు. కాని వేయదలచినవాడు ముందుగానే కొన్ని పనులు చూచుకొనవలెను. ఓటరు గుర్తింపు పత్రము చేతనున్నంతమాత్రమున చాలదు, జాబితాలో పేరుండవలెను. మన ఇంటిపేర్లు పొడవైనవి. వేఱు లిపిలోనికి మారునప్పుడు అక్షరములు తారుమారగుట కలదు. అట్టివానిని 8వ నమూనాతో సరిచేయించుకొనవచ్చును. క్రొత్తగా చేరువారికి 6వ నమూనా. ఓటుహక్కు వయస్సు 1989 నుండి 21కి బదులు 18గా ఉన్నది. మన పాఠశాలనుండి వెడలిన పిల్లలలో ఆ వయస్సు నిండినవారి పేర్లు చేర్పించుట తల్లిదండ్రుల పని.

బ్రిటిషు పరిపాలనలో ఆస్తియో, పన్నో, చదువో గలవారికే ఓటుండెను. 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో 17 కోట్లకు పైబడిన స్త్రీపురుషులకు, అక్షరము రానివారికిని ధనవంతునితో సమానముగా ఒక్కొక్క ఓటు లభించినది. గెలుచువారికి మాత్రమే ఓటుండునని ఆ హక్కునిచ్చినవారు వ్రాయలేదు. పరీక్షలో మొదటి స్థానము రాదని తెలిసిన విద్యార్థిని మనము పరీక్ష మానుమని చెప్పము గదా. ఇంటిలో పెద్దలు పోలింగు కేంద్రమునకు పోయివచ్చుట చూచిన పిల్లలకు, పౌరశాస్త్రమున మేము చెప్పు పాఠము సగము ముందే వచ్చియుండును.