కొలువు చేస్తూనే ఎం.ఆర్క్ చదవొచ్చా?

ప్రశ్న: బి.ఆర్క్ పూర్తిచేసి జగిత్యాలలో ప్రాక్టీసు చేస్తున్నాను. మాది కొండగట్టు దగ్గరి ఊరు. పని మానకుండా పార్ట్‌టైంలో ఎం.ఆర్క్ చదవడం వీలవుతుందా?

జవాబు: ముందు ఒక భయం తీసేస్తాను. 1972 ఆర్కిటెక్ట్‌ల చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు మీ బి.ఆర్క్ చాలు. ఎం.ఆర్క్ లేదని ప్రాక్టీసు ఆగదు. కాబట్టి పట్టా కోసం కాదు, ఏ విషయంలో లోతు కావాలో తేల్చుకున్నాకే చేరండి.

మన దగ్గర ఎం.ఆర్క్ ఎక్కువగా రెండేళ్ల రెగ్యులర్ కోర్సే. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ) మీకు దగ్గరివి. ప్రవేశాలకు చూసే గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది గనుక పరీక్ష ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు. ఎవరైనా పార్ట్‌టైం సీటు ఇస్తామంటే, ఆ కోర్సుకు ఆ విధానంలోనే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఆమోదం ఉందో లేదో కాగితం మీద చూడండి. నోటిమాట నమ్మి ఫీజు కట్టకండి. స్టూడియో క్లాసులకు మనిషి ఎదురుగా ఉండాల్సిందే; జగిత్యాల నుంచి హైదరాబాద్‌కు రోజూ తిరగడం అయ్యే పని కాదు.

నా సలహా: మొదటి ఏడాది పని తగ్గించుకుని రెగ్యులర్‌గా చదవండి. థీసిస్ మాత్రం మీ ప్రాంతం మీదే చేయండి. నక్షత్రాకారపు జగిత్యాల కోట ఉంది. సిరిసిల్లలో ఇల్లూ మరమగ్గమూ కలిసి బతికే వాడలున్నాయి. ఆ చప్పుడు, వేడి మధ్య కుటుంబాలు ఎలా నిద్రపోతున్నాయో కొలిచి చూడాల్సిన అవసరం ఎంతో ఉంది. కొండగట్టు అంజన్న గుట్టపై జాతర రోజుల్లో భక్తుల రాకపోకలు, నీడ, నీరు కూడా గట్టి విషయమే. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. చేరేముందు ఒకసారి వెళ్లి చూసి రండి.