గోడవార పూలు – పొడి రంగులు

అమీర్‌పేట అనగానే శిక్షణ సంస్థల నామఫలకాలు, మెట్రో కూడలి, ఇసుక వేస్తే రాలనంత జనం జ్ఞాపకానికి వస్తారు. పంజగుట్ట అనగానే వంతెన, నిమ్స్ ఆసుపత్రి, ఎర్రదీపం ముందు బారులు తీరిన వాహనాలు. ఈ రెండింటి నడుమ అడవిపూలు ఉన్నాయంటే నమ్మేవారు తక్కువ. తొలకరి దాటిన తరువాత ఒక ఉదయం నేలవైపు చూస్తూ నడిస్తే సంగతి తెలుస్తుంది. ప్రహరీగోడ మొదట్లో గడ్డిచామంతి, ఇల్లు కట్టని ఖాళీ స్థలంలో తుత్తురుబెండ, జిల్లేడు ఊదారంగు గుత్తులు, రాతినేల ఇంకా మిగిలిన చోట చిటికెన వేలి గోరంత నీలిపువ్వుతో విష్ణుక్రాంత. వీటిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీరు పోయలేదు. అడవిపువ్వు కావడానికి ఆ లక్షణం చాలు. అడవిలోనే పూయాలన్న నియమం లేదు.

ఇటువంటి పూలను చిత్రించడానికి సాఫ్ట్ పాస్టెల్ మిక్కిలి అనువైన మాధ్యమం. పాఠశాలలో పిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్ వేరు. అందులో మైనం, నూనె ఉంటాయి. సాఫ్ట్ పాస్టెల్ కడ్డీలో ఉండేది రంగుపొడి, సుద్ద, వాటిని పట్టి ఉంచే కొద్దిపాటి జిగురు మాత్రమే. జిగురు తక్కువ కావడం చేత రంగు తన సహజమైన వెలుగును కోల్పోదు. నూనె లేదు కనుక కాలక్రమంలో పసుపుబారదు. నీరు కలపనక్కరలేదు, ఆరేదాకా వేచి ఉండనక్కరలేదు. పూటలో ముడుచుకుపోయే పువ్వు ఎదుట కూర్చున్న వారికి ఇది చిన్న సదుపాయం కాదు.

ఐరోపాలో ఈ మాధ్యమానికి గౌరవం తెచ్చిన వారిలో వెనిస్ నగర చిత్రకారిణి రొసాల్బా కరియేరా (1673–1757) ముఖ్యురాలు. ఆమె ప్రసిద్ధి పొందినది ముఖచిత్రాలతో. చెక్కిలి నునుపుకు పనికివచ్చిన పొడి పూరేకుకూ పనికివస్తుందని ఫ్రెంచి చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ (1840–1916) చిత్రాలు చూస్తే తెలుస్తుంది. యాభై ఏళ్ళు వచ్చేదాకా ప్రధానంగా బొగ్గుతో నల్లని చిత్రాలు గీసిన ఈయన, ఆ తరువాత పాస్టెల్ వర్ణాలలోకి వచ్చాడు. ఆయన కూజాలలో పొలంగట్ల పూలకు కూడా చోటు దొరికింది.

గడ్డిచామంతిని గీయబోయే వారికి ఎదురయ్యే మొదటి చిక్కు దాని తెలుపే. రేకులు తెలుపు, కాగితమూ తెలుపు. అందుచేత బూడిదరంగు చాయ గల గరుకు కాగితం ఎంచుకోవాలి. గరుకు లేనిదే పొడి నిలవదు. ముందుగా పువ్వును గీయకూడదు. దాని వెనుక ఉన్న గోడ నీడనూ, ఆకుల గుబురునూ కడ్డీని పక్కకు వాల్చి పరచుకోవాలి. నీడ అంటే నలుపు కాదు. ముదురు నీలం మీద గోధుమవర్ణం వేస్తే నీడకు ప్రాణం వస్తుంది. తరువాత నడిమి పసుపు బొడ్డు. కట్టకడపట తెలుపు, రేకుకు ఒక్క తాకిడి చొప్పున. దానిని వేలితో రుద్దితే మట్టిరంగుకు దిగుతుంది. కొత్తవారు చిత్రాన్ని చెడగొట్టుకునేది ఇక్కడే. రుద్దడం హాయిగా ఉంటుంది, ఆపబుద్ధి కాదు!

పువ్వు దగ్గరకు వెళ్ళి కూర్చునేవారు ఒక జాగ్రత్త పాటించాలి. చిన్న తెల్లపూల వయ్యారిభామ కూడా ఆ స్థలాల్లోనే పెరుగుతుంది. గీయడానికి ముచ్చటైనదే గాని, తాకితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి.

పూల తరువాత శిలలు. పంజగుట్ట పేరులోనే గుట్ట ఉంది. హైదరాబాదు నిలిచిన గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నగరంలో ఎన్నో గుట్టలు పగిలి పునాదిరాళ్ళయ్యాయి. మిగిలిన బండలను తీరికగా చూడదలచినవారు బంజారాహిల్స్ మీదుగా కొద్ది కిలోమీటర్లు వెళ్ళి, 1998లో జాతీయోద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం చేరవచ్చు. బండను చూపడంలో పాస్టెల్‌కు సాటివచ్చే మాధ్యమాలు అరుదు. బూడిదరంగు పరచి, దానిపై లేతగులాబీ కడ్డీని అడ్డంగా తేలికగా లాగితే, రంగు కాగితపు మిట్టల మీద పడి పల్లాలను విడిచిపెడుతుంది. రాతి పలుకులు వాటంతట అవే ఏర్పడతాయి.

బతుకమ్మ పండుగనాటికి తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడు, దానితోపాటు గునుగు నగరపు అంగళ్ళకు వస్తాయి. కింద వెండితెలుపు, కొసన గులాబీ వన్నె గల గునుగు కంకిని ఇంటికి తెచ్చి కూజాలో నిలిపి గీయవచ్చు. గోడవార పూలకు ఆ వీలు లేదు. కోస్తే ఇల్లు చేరేలోగా వాడిపోతాయి. కాలిబాట శుభ్రం చేసేవారి చేతికి ఏ ఉదయమైనా చిక్కవచ్చు. ఖాళీ స్థలంలో పునాది తవ్వకం మొదలైతే వేరుతో సహా పోతాయి.

చిత్రం కూడా అంతే సుకుమారం. పొడిని బిగించే ద్రావకం చల్లితే లేతరంగులు నల్లబడతాయి కనుక, చాలామంది దానిని మితంగా వాడతారు. చిత్రంపై బటర్ పేపర్ కప్పి, అట్టల మధ్య కదలకుండా ఇంటికి తెచ్చి, అద్దానికి తగలకుండా చట్టం కట్టిస్తారు.

మధ్యాహ్నానికి విష్ణుక్రాంత ముడుచుకుంటుంది. మిగిలిన పనిని ఇంట్లో ఊహతో పూర్తి చేయడం కంటే మరునాటి ఉదయం అదే చోటికి రావడం మేలు, మొక్క ఇంకా అక్కడ ఉంటే.