నియమాలు ఒక్కసారే, రంగులు దుకాణానికొకటి

ప్రశ్న: ఉమ్మడి నల్గొండలోని పోచంపల్లి, ఉమ్మడి పాలమూరులోని గద్వాల, నారాయణపేట చీరలకు మూడు ఆన్‌లైన్ దుకాణాలు. వెనుక నడిచేది ఒకే వెబ్ అప్లికేషన్. ఒక్కోదానికి ఒక్కో రంగు కావాలంటే మూడు స్టైల్‌షీట్లు రాయాలా? (నల్గొండ)

జవాబు: అక్కర్లేదు. చీర ఫొటో పక్కన ధర, భౌగోళిక గుర్తింపు ముద్ర ఎక్కడ రావాలి, ఫోన్‌లో వరుసలు ఎలా సర్దుకోవాలి అన్నవి మూడింటికీ ఒకటే. మారేవి ప్రధాన రంగు, అంచు రంగు, ఫాంటు వంటి నాలుగైదు విలువలే. ఫైల్‌ను మూడు కాపీలు చేస్తే బటన్‌లో దొరికిన ఒక్క తప్పును మూడు చోట్ల దిద్దాలి. రేపు పుట్టపాక తేలియా రుమాలు చేరితే నాలుగు చోట్ల. గద్వాల చీరలో నూలు బట్ట, పట్టు అంచు వేరువేరుగా ఉంటూనే ఒక చీరగా కలిసినట్టు, మారని నియమాలూ మారే విలువలూ విడివిడిగా ఉండి పేజీలో కలవాలి.

ఈ పని చేసేవి సీఎస్ఎస్ కస్టమ్ ప్రాపర్టీలు. క్రోమ్ వీటిని 2016 నుంచి అర్థం చేసుకుంటోంది. రెండు అడ్డగీతలతో మొదలయ్యే వీటి పేర్లు తెలుగులోనూ ఉండొచ్చు. రూట్ సెలెక్టర్ కింద "--అంచు-రంగు: #800000" అని ఒకసారి ప్రకటించి, ఆ రంగు కావాల్సిన ప్రతి నియమంలో వార్ ఫంక్షన్‌తో ఆ పేరును పిలవాలి. ఆ తర్వాతి వరుసల్లో "గద్వాల" అనే క్లాస్ కింద అదే పేరుకు వేరే విలువ ఇస్తే చాలు. ఆ క్లాస్‌ను హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కే తగిలించాలి. బాడీకి తగిలిస్తే, రూట్‌లో ఒక ప్రాపర్టీ ఆధారంగా ప్రకటించిన మరో ప్రాపర్టీ పాత విలువతోనే ఉండిపోతుంది.

ప్రశ్న: ఇదంతా సాస్‌తో కాదా? (వనపర్తి)

జవాబు: 2006లో వచ్చిన సాస్‌లోని వేరియబుళ్లు, మిక్సిన్లు, లూప్‌లు బిల్డ్ సమయంలోనే పని ముగిస్తాయి. బ్రౌజర్‌కు చేరేది మామూలు సీఎస్ఎస్. దుకాణాల జాబితా ముందే తెలిస్తే ఒక మ్యాప్, ఒక లూప్ రాసి అన్ని క్లాసులనూ పుట్టించవచ్చు. యజమాని అడ్మిన్ పేజీలో మార్చిన రంగు వెంటనే కనబడాలంటే మాత్రం కస్టమ్ ప్రాపర్టీలే కావాలి. రెండూ కలిపి వాడేటప్పుడు ఒక హద్దు ఉంది: బ్రౌజర్‌లో తేలే విలువను సాస్ ముదురు రంగుగానో లేత రంగుగానో మార్చలేదు. ఆ పనిని సీఎస్ఎస్‌లోని కలర్-మిక్స్ ఫంక్షన్‌కు అప్పగించాలి.

ప్రశ్న: డేటాబేస్‌లోని రంగు పేజీకి ఎలా చేరాలి? (మహబూబ్‌నగర్)

జవాబు: స్టైల్‌షీట్ మొత్తాన్ని ప్రతి రిక్వెస్టుకూ తయారుచేయడం సర్వర్‌కు దండగ పని. పెద్ద ఫైల్ మారకుండా బ్రౌజర్ క్యాష్‌లో ఉండాలి. సర్వర్ పుట్టించాల్సింది నాలుగైదు ప్రకటనల చిన్న ముక్కే. దాన్ని పేజీ హెడ్‌లో, పెద్ద ఫైల్ లింకు తర్వాత స్టైల్ ట్యాగ్‌లో పెడితే అదనపు రిక్వెస్టు ఉండదు. విడి ఫైల్‌గా పంపితే కంటెంట్-టైప్ హెడర్‌లో టెక్స్ట్/సీఎస్ఎస్ అని ఉండాలి. దాని చిరునామాలో వెర్షన్ సంఖ్య చేర్చి, రంగు మారినప్పుడల్లా ఆ సంఖ్యనూ మార్చాలి. లేదంటే క్యాష్‌లోని పాత రంగే మళ్లీ వస్తుంది.

ప్రశ్న: యజమాని ఇచ్చిన విలువను ఉన్నదున్నట్టు వాడొచ్చా? (సూర్యాపేట)

జవాబు: వాడకూడదు. # గుర్తు తర్వాత ఆరు హెక్స్ అంకెలు తప్ప వేరే ఏమున్నా సర్వర్ తిప్పికొట్టాలి. రంగు గడిలో ఎవరైనా స్టైల్ ట్యాగ్‌ను మూసే గుర్తు రాస్తే, దాని వెనుక స్క్రిప్టు చొరబడుతుంది. ఫాంటు పేరును టైపు చేయనివ్వకుండా జాబితాలోంచే ఎంచుకోనివ్వాలి.

అక్షరాల రంగును సర్వరే తేల్చాలి. మామూలు సైజు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. పసుపు మీద తెల్ల అక్షరాలు ఎండలో ఫోన్ చూసేవారికి ఆనవు. వెనుక రంగు వెలుగును లెక్కగట్టి నలుపో తెలుపో ఎంచే ఫంక్షన్ ఒక్కటి రాస్తే అన్ని దుకాణాలకూ సరిపోతుంది. వరుసల మధ్య ఎడం మాత్రం యజమాని చేతికి ఇవ్వకూడదు. వత్తులు కింది వరుసకు తగలకుండా చూసే ఆ విలువ ఉమ్మడి ఫైల్‌లోనే ఉండాలి.