హత్య రాసే ముందు శవపంచనామా చదవండి

కొత్తగా సస్పెన్స్ నవల మొదలుపెట్టేవాళ్లు తరచూ అడిగేది "ఐడియా ఎలా వస్తుందండీ?" అని. అది తేలిక. పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే రోజుకో నవలకు సరిపడా సరుకు ఉంటుంది. దాన్ని మూడొందల పేజీలు నడిపించడమే కష్టం. చాలామంది పరిశోధనను కథ అయిపోయాక పైన చల్లే కొత్తిమీరలా చూస్తారు. మలుపులు పుట్టేదే అక్కడని నా నమ్మకం.

మొదటి పని: రెండు వార్తలు కలపండి

ఒకే వార్తను పట్టుకుని రాస్తే అది సాగదీసిన వార్తలాగే ఉంటుంది. అగాథా క్రిస్టీ ఏం చేసిందో చూడండి. 1929లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలు టర్కీలో మంచులో కూరుకుపోయి రోజుల తరబడి కదల్లేదు. 1931 డిసెంబరులో ఆమె ఎక్కిన అదే రైలు వరదల వల్ల ఆగిపోయింది. అప్పుడు తోటి ప్రయాణికుల వాలకాలన్నీ భర్తకు ఉత్తరంలో రాసింది. మరుసటి ఏడాది అమెరికాలో విమాన వీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డ అపహరణ, హత్య ప్రపంచాన్ని కుదిపేశాయి. రైలుకూ ఆ బిడ్డకూ ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం ఆమె కల్పించింది. 1934లో 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' వచ్చింది.

మీరూ కత్తిరింపులు దాచుకోండి. ఒకదానితో ఒకటి పొసగనివి రెండు తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

రెండో పని: మీ ఉద్యోగాన్ని తవ్వండి

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో క్రిస్టీ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. విషాల గురించి ఆమెకున్న జ్ఞానం అక్కడిదే. 1920లో వచ్చిన మొదటి నవలలో ఆ విషయం ఎంత పక్కాగా ఉందంటే, ఫార్మసీవాళ్ల పత్రిక సైతం మెచ్చుకుంది. 'ది డే ఆఫ్ ది జాకాల్' రచయిత ఫ్రెడరిక్ ఫోర్సిత్ పారిస్‌లో రాయిటర్స్ విలేకరిగా ఉంటూ ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్ చుట్టూ భద్రత ఎలా ఉంటుందో కళ్లారా చూశాడు.

మీకు పారిస్ అక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా అయితే, ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్టర్ అవడం, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో ఒక లావాదేవీ కనబడకపోవడం మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? తెలియని మాఫియా గురించి రాసేకన్నా ఆ ఈసీ కాగితం గురించి రాయండి.

మూడో పని: రూలు తెలుసుకోండి

అసలు కష్టం ఇక్కడే, లాభమూ ఇక్కడే.

పల్లెలో ఒక కొత్త కోడలు అనుమానాస్పదంగా చనిపోయిందనుకుందాం. అలవాటుగా రాసేదేమిటి? ఎస్సై జీపు దిగుతాడు, "బాడీని పోస్ట్‌మార్టానికి పంపండి" అంటాడు, పేజీ తిప్పేసరికి రిపోర్టు వచ్చేస్తుంది. నిజంగా అలా జరగదు. పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ అలా చనిపోతే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారణ జరగాలి. మన దగ్గర సాధారణంగా ఆ పని తహసీల్దారుది. ఆయన వచ్చేదాకా అందరూ ఎదురు చూడాల్సిందే. ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టి, గాయాలేమున్నాయి, ఏ వస్తువుతో తగిలినట్టున్నాయి అన్నవి రాసి సంతకాలు పెట్టిస్తారు. అదే శవపంచనామా. సంతకం పెట్టే పెద్దమనిషి అత్తింటివాళ్లకు బాకీపడ్డవాడైతే? అదుగో, మీకో పాత్ర దొరికింది.

ఈలోగా పొద్దుగూకింది. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో రాత్రి పోస్ట్‌మార్టం చేయొచ్చని 2021లో కేంద్రం చెప్పినా, హత్య, ఆత్మహత్య వంటి కేసులను మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప అవి తెల్లారాకే. అంటే ఆ రాత్రంతా శవం మార్చురీలో ఉంటుంది. బయట పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఒకే వేపచెట్టు కింద. ఆ ఒక్క రాత్రి మీద నాలుగు అధ్యాయాలు నడపొచ్చు. రూలు తెలియని రచయిత నవల్లో ఆ రాత్రే ఉండదు.

మిగతావీ ఇంతే. అరెస్టు చేసినవాణ్ణి ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మీ ఇన్‌స్పెక్టరుకు అదే గడువు. పోలీసుల దగ్గర ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి లాకప్‌లో హంతకుడు ఏడుస్తూ అంతా కక్కేయడంతో ముగిసే నవల నిజానికి అక్కడ ముగియదు. నార్కో పరీక్ష అనుమతి లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఇక పాత తెలుగు నవలల డిటెక్టివ్ యుగంధర్ రోజుల్లో లేని చిక్కు సెల్‌ఫోన్. టవర్ లొకేషన్, వీధి మలుపులో సీసీ కెమెరా: హంతకుడు ఈ రెంటినీ ఎలా దాటాడో తేల్చుకోకుండా రెండో అధ్యాయానికి వెళ్లకండి.

ఇంత వివరం పాఠకుడికి విసుగు కదా అంటారేమో. ద గాల్‌ను చంపబోయే హంతకుడి కథ 'ది డే ఆఫ్ ది జాకాల్' 1971లో వచ్చింది. ద గాల్ అంతకు ముందు ఏడాదే ఇంట్లో మామూలుగా చనిపోయాడు. గురి తప్పుతుందని మొదటి పేజీకి ముందే అందరికీ తెలుసు. అయినా జనం కిందపెట్టకుండా చదివారంటే కారణం, చనిపోయిన పసివాడి పేరుతో పాస్‌పోర్టు సంపాదించడం లాంటి పనులు ఒక్కొక్క మెట్టుగా చూపించడమే.

నాలుగో పని: మనుషుల్ని అడగండి

సెషన్స్ కోర్టు విచారణలు సాధారణంగా ఎవరైనా చూడొచ్చు. వెనక బెంచీలో కూర్చుని సాక్షి అడ్డం తిరగడం ఒక్కసారి చూడండి, సినిమా కోర్టు సీను మళ్లీ రాయలేరు. తీర్పులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. నా లెక్కలో ఒక హత్యకేసు తీర్పు పది క్రైమ్ సినిమాల పెట్టు.

రిటైరైన ఎస్సైనో ఫోరెన్సిక్ డాక్టరునో కలిస్తే "మర్డర్ ఎలా చేస్తే దొరకరండీ?" అని మొదలుపెట్టకండి. మీ ఉద్యోగంలో ఏ పని విసుగు, ఏ కాగితం తప్పిపోతే కొంప మునుగుతుంది అని అడగండి. ఇక వాళ్లే ఆగరు.

ఐదో పని: కొట్టేయండి, పేర్లు మార్చండి

సేకరించిందంతా పెడితే నవల గైడు అవుతుంది. పాత్రకు అడ్డం పడే వివరం ఉంచండి, మీ శ్రమ చూపించుకునే వివరం తీసేయండి. నిజం కేసు తీసుకుంటే పేరు, ఊరు, వృత్తి అన్నీ మార్చండి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం కూడా.

ప్రచురణకు ఇచ్చేముందు ఒక క్రిమినల్ లాయరుతో చదివించండి. సెక్షన్ నంబర్లు మాత్రం మీరే సరిచూసుకోవచ్చు. 2024 జూలై 1 నుంచి జరిగే హత్యలకు భారతీయ న్యాయ సంహితలో 103 వర్తిస్తుంది. మీ ఎస్సై ఇప్పటి హత్యకు ఇంకా పాత చట్టంలోని 302 అంటుంటే ఆ పేజీ ఇవాళే దిద్దండి.